కథ సగంలో లేచిపోకండి

రా నాయనా, రా. నువ్వూ రామ్మా. ఇలా అరుగు మీద కూర్చోండి. ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి, ఎక్కడికీ పారిపోవు. పండక్కి వచ్చి మూడు రోజులైంది, ఒక్కపూటైనా తీరిగ్గా కూర్చున్నారా? అన్నం తింటూ ల్యాప్‌టాప్, కాఫీ తాగుతూ ల్యాప్‌టాప్. మీ పనిని నేను తప్పుపట్టడం లేదు. కష్టపడే పిల్లలని చూస్తే ఏ ముసలాడికైనా కడుపు నిండుతుంది. నిన్న రాత్రి డాబా మీద పడుకుని మాట్లాడుకుంటుంటే నాకు అంతా వినపడింది. "ఒకప్పుడు కథల్లో రాసుకున్నవే మనమిప్పుడు చేసి చూపిస్తున్నాం" అన్నావు చూడు, ఆ మాటకి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ముప్పై ఆరేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి, నాకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆ సంతోషం వెనకాలే ఒక బెంగ కూడా పట్టుకుంది. తెల్లవార్లూ నిద్ర లేదు. అదేదో మీ చెవిన వెయ్యకపోతే నాకు మనసొప్పదు.

బెంగ ఏమిటంటే, మీరు కథ సగంలో లేచిపోతున్నారు.

సత్యనారాయణ వ్రతం కథ మీ నాయనమ్మ చెప్పగా ఎన్నిసార్లు విన్నారు! అందులో కళావతి గుర్తుందా? చెడ్డపిల్ల కాదు. పూజంతా శ్రద్ధగా చేసింది. మొగుడు ఎక్కివచ్చిన పడవ రేవుకి చేరిందని తెలియగానే, ఆ సంబరంలో ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తింది. ఆమె వెళ్ళేసరికి పడవ మునిగిపోయింది. ఏమి తప్పు చేసిందని? తొందరపడింది, అంతే. మొదలుపెట్టిన పనిని చివరికంటా పట్టకుండా లేచిపోయింది. మిమ్మల్ని చూస్తే నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది. మంచి మనసే, కాలు మాత్రం ఒకచోట నిలవదు.

సైన్స్ కథల సంగతీ అంతే. ఏ మంచి సైన్స్ కథ తీసుకున్నా రెండు సగాలుంటాయి. ఒక సగంలో యంత్రం ఉంటుంది. రెండో సగంలో ఇల్లుంటుంది, అంటే ఆ యంత్రం వచ్చాక మనుషులు ఎలా బతికారు, ఎవరు నవ్వారు, ఎవరు ఏడ్చారు అన్నది. మీరు యంత్రం సగం తీసుకుని లేచిపోతారు. ఇల్లు సగం వినరు.

మన సినిమానే చూడండి. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు 'ఆదిత్య 369' తీశారు. కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే యంత్రం. దాని గురించి ఎవరిని అడిగినా శ్రీకృష్ణదేవరాయల సభ గురించి మురిసిపోతూ చెబుతారు. మరి అదే యంత్రం 2504వ సంవత్సరానికి కూడా వెళ్ళిందని, అక్కడ అణుయుద్ధం అయిపోయాక మిగిలిన లోకాన్ని చూపించిందని ఎంతమందికి గుర్తుంది? మా బళ్ళో పిల్లల్ని అడిగితే నలుగురు కూడా చెప్పలేకపోయారు. మొదటి సగానికి చప్పట్లు కొట్టాం, రెండో సగం వచ్చేసరికి లేచి చెప్పులు వెతుక్కున్నాం.

నేను కలలు కనొద్దనడం లేదు సుమా. ఆ మాట నా నోట రాదు. కథ లేకపోతే రాకెట్టే లేదు. రష్యాలో కలూగా అనే ఊళ్ళో సియల్కోవ్‌స్కీ అనే లెక్కల మాస్టారు ఉండేవాడు. పదేళ్ళప్పుడు జబ్బుచేసి చెవులు సరిగా వినపడకుండా పోయాయి. జూల్ వెర్న్ రాసిన చంద్రయాత్ర కథ ఆయనకి ప్రాణం. 1865 నాటి కథ అది. అందులో మనుషుల్ని పెద్ద ఫిరంగిలో పెట్టి చంద్రుడి మీదికి పేలుస్తారు. ఈ మాస్టారు చదివి ఊరుకోలేదు, కాగితం పెన్సిలు తీసుకుని లెక్కకట్టాడు. అంత పొట్టి గొట్టంలో అంత వేగం ఒక్కసారిగా అందుకుంటే లోపలి మనుషులు నుజ్జయిపోతారని తేలింది. మరి ఫిరంగి కాకపోతే ఏమిటి అని ఆలోచించి ఆలోచించి, 1903లో రాకెట్ లెక్క అచ్చువేశాడు. చూశారా, కథని అంతగా ప్రేమించినవాడు లోపల కూర్చున్న మనుషుల గురించి ఆలోచించాడు. యంత్రం పోతుందా పోదా అని ఒక్కటే చూసుకోలేదు, ఎక్కినవాళ్ళు బతుకుతారా అని చూశాడు. నేను మిమ్మల్ని కోరేదీ అదే.

అమెరికాలో గాడర్డ్ అనే కుర్రాడు కూడా ఇలాంటివాడే. హెచ్.జి. వెల్స్ రాసిన అంగారక వాసుల కథ చదివి పిచ్చెక్కిపోయాడు. 1899 అక్టోబరు 19న చెర్రీ చెట్టు కొమ్మలు నరకడానికి ఎక్కి, అంగారకుడి దాకా వెళ్ళే యంత్రం ఒకటి చెయ్యగలిగితే ఎంత బాగుండు అనుకున్నాడట. చెట్టు దిగేసరికి తను వేరే మనిషినయ్యానని రాసుకున్నాడు. వయసు పదిహేడు. ఆ తేదీని బతికినన్నాళ్ళూ ఏటా తలుచుకునేవాడు. ఆయన రాకెట్ మొదటిసారి ఎప్పుడు ఎగిరిందో తెలుసా? 1926 మార్చి 16న. బంధువుల పొలంలో, రెండున్నర సెకన్లు, 41 అడుగుల ఎత్తు. మన వీధి చివర కొబ్బరిచెట్టంత. ఆ కొబ్బరిచెట్టంత ఎత్తుకి ఇరవయ్యారేళ్ళు పట్టింది నాయనా! మీరు ఆరు నెలల్లో ఫలితం రాకపోతే ప్రాజెక్టు మార్చేస్తారు.

నా కళ్ళారా చూసిందొకటి చెబుతాను. 1975లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది, ఒక పల్లెటూళ్ళో వేశారు. ఆ ఏడాది ఆగస్టులో బడి దగ్గర ఒక టీవీ పెట్టారు. కోళ్ళగూటికి కొట్టే వలలాంటి జాలీతో పది అడుగుల గొడుగు చేసి ఆకాశం వైపు తిప్పి నిలబెట్టారు. అమెరికావాళ్ళ ఉపగ్రహం పైనుంచి బొమ్మ పంపిస్తే, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో జనం చూశారు. మన ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. పొద్దున పిల్లలకి పాఠాలు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం. అంతకు ముప్పై ఏళ్ళ ముందు, 1945లో, ఆర్థర్ క్లార్క్ అనే కథకుడు ఒక పత్రికలో వ్యాసం రాశాడు. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల పైన ఉపగ్రహం పెడితే అది ఒకేచోట నిలబడ్డట్టు ఉంటుందని, మూడింటితో లోకమంతా మాట్లాడుకోవచ్చని లెక్కకట్టి చూపించాడు. ఆ పెద్దమనిషి శ్రీలంకలో ఉండేవాడు. మన ఇస్రో ఇంజనీర్లు కొలంబో వెళ్ళి ఆయన ఇంటి మీద కూడా ఒక గొడుగు పెట్టి వచ్చారు. కలగన్నవాడికి ఆ కల నిజమవడం చూపించాలనుకున్నారు. అలాంటి మర్యాద నాకు చాలా ఇష్టం.

ఆ టీవీ ముందు చాపల మీద కూర్చున్న ముసలమ్మల మొహాలు నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉన్నాయి. బొమ్మ కోసం ఉపగ్రహం పెట్టలేదమ్మా, ఆ ముసలమ్మ కోసం పెట్టారు. చేలో పురుగు పడితే ఏం చెయ్యాలి, బిడ్డకి విరేచనాలైతే ఏం పట్టాలి అని ముందు అడిగి, ఆ తర్వాత కార్యక్రమాలు చేశారు. ఏడాదికల్లా ఉపగ్రహం వెనక్కి వెళ్ళిపోయింది, తెర ఖాళీ అయింది. కానీ దేన్ని ఎవరి కోసం చెయ్యాలో ఆ ఏడాది నేను నేర్చుకున్నది బీఎడ్‌లో నేర్చుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కాస్త దగ్గరికి జరగండి.

లియో సిలార్డ్ అని హంగేరీలో పుట్టిన శాస్త్రవేత్త ఒకాయన. 1932లో బెర్లిన్‌లో ఉండగా వెల్స్ నవల ఇంకోటి చదివాడు. 1914లో అచ్చయిన నవల. అణువులో దాగిన శక్తిని మనిషి బయటికి తీస్తాడు, దాంతో బాంబులు చేస్తాడు, నగరాలకి నగరాలు కాలిపోతాయి. కథలో ఆ శక్తిని బయటికి తీసే ఏడాది ఏదని రాశాడో తెలుసా వెల్స్? 1933. సరిగ్గా ఆ 1933లోనే, హిట్లర్ వచ్చాడని జర్మనీ వదిలిపోయి లండన్ చేరిన సిలార్డ్, సెప్టెంబరులో ఒకనాడు సౌతాంప్టన్ రో అనే వీధిలో ట్రాఫిక్ లైటు దగ్గర నిలబడ్డాడు. అణువుల్లోంచి శక్తి వస్తుందనుకోవడం ఉత్తమాట అని అప్పటి మహా శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ అన్నట్టు పేపర్లో వచ్చింది. ఆ మాట ఈయనకి మింగుడు పడలేదు. లైటు మారింది, రోడ్డు దాటాడు. దాటుతుండగా తట్టింది. ఒక న్యూట్రాను ఒక అణువుని పగలగొట్టి, అందులోంచి రెండు న్యూట్రాన్లు వస్తే? ఆ రెండూ ఇంకో రెండింటిని పగలగొడితే? ఒక దీపంతో రెండు దీపాలు, రెండింటితో నాలుగు, అలా కార్తీక పౌర్ణమి నాటి చెరువులా వెలుగుతూపోతే?

మీరైతే ఆ సాయంత్రమే అందరికీ చెప్పేసి ఉండేవాళ్ళు, అవునా? కాదనకండి. ఆయన 1934లో పేటెంటు రాయించుకున్నాడు. తర్వాత దాన్ని బ్రిటిష్ నౌకాదళ శాఖ చేతిలో పెట్టాడు, ఎందుకంటే అది బయటికి రాకూడదని. వెల్స్ నవల చదివాను కాబట్టి ఇది ఎటు పోతుందో నాకు తెలుసు అని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అంటే ఆయన కథ రెండో సగం కూడా కూర్చుని విన్నవాడు.

అయినా ఏమైందో చూడండి. జర్మనీవాళ్ళు ముందు బాంబు చేసేస్తారేమోనన్న భయంతో 1939లో ఐన్‌స్టీన్ చేత అమెరికా అధ్యక్షుడికి ఉత్తరం పంపించిందీ ఆయనే. 1942 డిసెంబరు 2న చికాగోలో ఆ దీపాల గొలుసు మొదటిసారి నిజంగా వెలిగినప్పుడు పక్కన ఉన్నదీ ఆయనే. ఆ ప్రయోగం నడిపించిన శాస్త్రవేత్త ఫెర్మీ చెయ్యి పట్టుకుని, ఇది మనుషుల చరిత్రలో చీకటి రోజుగా మిగిలిపోతుందని అన్నాడట. 1945లో జర్మనీ ఓడిపోయింది. ఏ భయంతో మొదలుపెట్టారో ఆ భయం పోయింది. పని మాత్రం ఆగలేదు. జపాన్‌కి లొంగిపోయే అవకాశం ఇవ్వకుండా ఊళ్ళ మీద బాంబు వెయ్యొద్దని సిలార్డ్ అర్జీ రాశాడు. 70 మంది శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టారు. ఆ కాగితం జులై 17 తేదీది. పై అధికారుల బల్లల మీదే ఆగిపోయింది. ఆగస్టు 6న హిరోషిమా. ఆ ఏడాది ఆఖరుకి ఒక్క ఆ ఊళ్ళోనే సుమారు 1,40,000 మంది పోయారని లెక్క.

నాయనా, రాత్రి నాకు నిద్ర పట్టనిది ఇందుకే. కథ చివరిదాకా విన్నవాడు, పేటెంటుని దాచినవాడు, అర్జీ రాసి సంతకాల కోసం తిరిగినవాడు, అంతటివాడే ఆపలేకపోయాడు. సగంలో లేచిపోయినవాళ్ళు ఏం ఆపుతారు?

ఒకటి గమనించండి. ఆయన రాయాల్సిన అర్జీ రాసింది ఎప్పుడు? పని అయిపోయాక. వండి, వడ్డించి, విస్తళ్ళ ముందు జనం కూర్చున్నాక ఇందులో ఉప్పెక్కువైంది అంటే ఎవరు వింటారు? రుచి చూడాల్సింది పొయ్యి మీద ఉన్నప్పుడు. తర్వాత ఆయన భౌతికశాస్త్రం వదిలి జీవశాస్త్రానికి మళ్ళాడు. 1961లో తనే సైన్స్ కథల పుస్తకం అచ్చువేశాడు. అణ్వాయుధాలు ఎలా తగ్గించాలన్నదే అందులో పెద్ద కథ. కథతో మొదలైనవాడు కథ దగ్గరికే తిరిగొచ్చాడు. నాకు ఆయన మీద కోపం రాదు, కడుపు తరుక్కుపోతుంది.

ఇంకొక కథ ఉంది, మీకు పేరు తెలుసు. ఫ్రాంకెన్‌స్టైన్. మేరీ షెల్లీ అనే పద్దెనిమిదేళ్ళ పిల్ల రాయడం మొదలుపెట్టింది. 1818లో అచ్చయింది. మీరంతా ఆ పేరు భూతానిదనుకుంటారు. కాదు, చేసినవాడి పేరు. దాదాపు రెండేళ్ళు తిండీ నిద్రా మాని, ఇంటికి ఒక ఉత్తరం ముక్క కూడా రాయకుండా, ఆ బొమ్మకి ప్రాణం పోస్తాడు. అది కళ్ళు తెరుస్తుంది. తెరవగానే భయపడి గదిలోంచి పారిపోతాడు. అంతే, తప్పంతా అక్కడే ఉంది. పుట్టించడంలో కన్నా పుట్టించి పారిపోవడంలో ఉంది. పురిటిబిడ్డని తొట్లో వదిలేసి తల్లిదండ్రులు వీధిలోకి పోతే ఆ బిడ్డ ఏమవుతుంది? ఆ అనాథ గోడ పగుల్లోంచి ఎవరో సంసారులు మాట్లాడుకునేది చూసి మాటలు నేర్చుకుంటుంది, పాపం. తనకీ ఒకరు కావాలనుకుంటుంది. అందరూ రాళ్ళు విసిరాకే పగపడుతుంది. పిల్లని కన్నవాడికి పిల్లని పెంచే బాధ్యత లేదా? మీరు చేసేవీ అంతే నాయనా. విడుదల చేసి, మిఠాయిలు పంచుకుని, ఇంకో పనికి వెళ్ళిపోతారు. అది ఏ ఊళ్ళో ఏ ఇంట్లో ఏం చేస్తోందో చూసేదెవరు?

మా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఉన్నాడు. పేరు చెప్పను. బంగారంలాంటివాడు. ఫోన్లో అప్పులిచ్చే ఒక సంస్థలో చేరాడు. అప్పు తీసుకునేవాడి ఫోన్లో ఉన్న నంబర్లన్నీ తీసుకునే ముక్క వీడు రాశాడు. చెప్పారు, రాశాడు. రెండు రోజుల పని అన్నాడు. ఎందుకని అడగలేదు. కొన్నాళ్ళకి వాడి మేనమామే అందులో ఎనిమిది వేలు తీసుకున్నాడు. వాయిదా నాలుగు రోజులు దాటింది. అంతే, మేనమామ ఫోన్లో ఉన్న వాళ్ళందరికీ ఈయన దొంగ అని మెసేజ్‌లు వెళ్ళాయి. కూతుర్ని ఇచ్చిన వియ్యంకుడికి కూడా వెళ్ళింది. ఆ మనిషి ఆ తర్వాత చాలాకాలం ఏ పెళ్ళికీ వెళ్ళలేదు, తలెత్తుకుని వీధిలో నడవలేదు. కుర్రాడు ఇదే అరుగు మీద కూర్చుని, "నాకిచ్చిన పని అదొక్కటే మాస్టారూ, తర్వాత ఏం చేస్తారో నాకేం తెలుసు?" అని ఏడ్చాడు. వాణ్ణి దగ్గరికి తీసుకున్నాను. తిట్టలేదు. కానీ ఒక్క పూట ఆగి, ఈ నంబర్లు ఎందుకండీ అని అడిగి ఉంటే? అడిగితే ఉద్యోగం పోతుందంటారు. పోవచ్చు. ఆ ఉద్యోగం తర్వాత వాడే మానేశాడు. ముందే మానేసి ఉంటే మేనమామ మొహం చూడగలిగేవాడు.

అమ్మాయ్, నువ్వేమిటి అలా కిందికి చూస్తున్నావు? నీకోసం కూడా ఒక కథ ఉంచాను. 1905లో బెంగాల్‌కి చెందిన రోకేయా బేగం 'సుల్తానాస్ డ్రీమ్' అని చిన్న కథ రాసింది. చెన్నపట్నం నుంచి వచ్చే ఆడవాళ్ళ పత్రికలో అచ్చయింది. ఆ కథలో దేశం నడిపేది ఆడవాళ్ళు. రెండు విశ్వవిద్యాలయాలుంటాయి. ఒకటి మేఘాల్లోంచి నీళ్ళు పట్టే ఉపాయం కనిపెడుతుంది, ఇంకోటి ఎండ వేడిని కూడబెట్టే ఉపాయం. ఆ వేడితో ఏం చేస్తారు? వంట. పొగ లేని వంటిల్లు! పొయ్యి దగ్గర కళ్ళు మండిన ఆడది కన్న కల అది. ఫిరంగులూ అంగారకులూ కలగన్న మగవాళ్ళకి వంటింటి పొగ గుర్తొచ్చిందా? మీ ముత్తమ్మమ్మ ఊదుగొట్టంతో ఊదీ ఊదీ దగ్గుతూనే పోయింది. ఈవేళ మన డాబా మీద నీళ్ళు కాచే సోలార్ పలకని చూసినప్పుడల్లా ఆమె కళ్ళలో మెదులుతుంది.

కల ఎవరు కంటున్నారన్నది ముఖ్యమమ్మా. మీరు కూర్చుని రేపటి లోకాన్ని గీస్తారే, ఆ గదిలో వంట చేసేవాళ్ళు ఉన్నారా? చేలో పనిచేసేవాళ్ళు ఉన్నారా? ముసలాళ్ళు ఉన్నారా? లేకపోతే పిలవండి. పిలవడానికి కుదరకపోతే మీరే వెళ్ళి అడగండి. రోకేయా కథ రాసి చేతులు దులుపుకోలేదు. 1911లో కలకత్తాలో ఎనిమిది మంది ఆడపిల్లలతో బడి పెట్టింది. భర్త అప్పటికే పోయాడు. ఇంటింటికీ తిరిగి, తెరలు కట్టిన బండ్లలో మీ పిల్లల్ని తీసుకెళ్తాం, తీసుకొస్తాం అని తల్లిదండ్రుల్ని బతిమాలుకుంది. కలలో విశ్వవిద్యాలయాలు కట్టినావిడ మెలకువలో ఎనిమిది పలకలతో మొదలుపెట్టింది. ఆ ఓపిక చూసి నేర్చుకోండి. రోజుకో ఆడపిల్ల ఇంటి తలుపు తట్టడం కంటే గొప్ప పరిశోధన నాకు తెలియదు.

నేను మీకు చెయ్యమనేది పెద్దదేమీ కాదు. కొత్తదేదైనా మొదలుపెట్టేటప్పుడు ఒక్క పూట ఆగండి. ఒక తెల్లకాగితం తీసుకుని ఇది వచ్చాక మా అమ్మ రోజు ఎలా గడుస్తుంది, మా ఆటో అతని రోజు ఎలా గడుస్తుంది అని కథలా రాయండి. అబద్ధం రాయకండి, మురిపెంగానూ రాయకండి. అందులో ఎవరైనా ఏడుస్తుంటే అక్కడే ఆగి, పైవాళ్ళని అడగండి. పొయ్యి మీద ఉండగానే రుచి చూడండి. అణువు దగ్గర ఆ ఆగడం ఆలస్యమైంది. మనుషుల బదులు ఆలోచించే యంత్రాలు చేస్తున్నామంటున్నారు, ఇక్కడైనా ముందే ఆగండి.

మీ నాయనమ్మ లోపల పప్పుచారుకి పోపు పెడుతోంది. భోజనానికి ఇంకా అరగంట ఉంది. నాయనా, ముందు నువ్వు చెప్పు. నువ్వు చేస్తున్న పనేమిటో, అది ఎవరి ఇంటికి వెళ్తుందో, వెళ్ళాక ఆ ఇంట్లో ఏమవుతుందో మొదట్నుంచి చెప్పు. చివరిదాకా వింటాను.